వేరే మందులేమైనా వాడుతున్నావా?

పీసీఓడీ అని తేలాక ఏడాదిగా నేను వేసుకుంటున్న మాత్రల పెట్టె మీద 'ఓరల్ కాంట్రాసెప్టివ్' అని ఉంటుంది. మా ఇంట్లో మాత్రం వాటి పేరు "డేట్ టాబ్లెట్లు". అమ్మ వాటిని బీరువాలో చీరల కింద దాస్తుంది. పెళ్లికాని పిల్ల ఉన్న ఇంట్లో ఆ అట్ట ఎవరి కంటైనా పడితే? పీరియడ్స్ సరిగ్గా రావడానికి కూడా ఇవే ఇస్తారని ఎంతమందికని చెప్పుకుంటాం అంటుంది. అమ్మ భయం అమ్మది.

థర్డ్ సెమ్‌లో కాళ్లు తిమ్మిర్లు, ఊరికే నీరసం. టెస్ట్ చేయిస్తే బీ12 168. కనీసం 200 ఉండాలని ఆ రిపోర్ట్‌లోనే ఉంది. "వేరే మందులేమైనా వాడుతున్నావా అమ్మా?" అని డాక్టర్ నన్నే అడిగారు. "ఏం లేవు సార్" అని అమ్మ చెప్పేసింది. నేను నోరు తెరిచేలోపే మాట పాలు, పెరుగు మీదికి వెళ్లిపోయింది. మేం శాకాహారులం మరి.

ఆ రాత్రి నుంచి చదవడం మొదలుపెట్టా. అమెరికాలో ఈ మాత్రకి 1960లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే, ఇవి వాడే ఆడవాళ్లలో బీ6, ఫోలేట్, బీ12 లెవెల్స్ తక్కువగా ఉంటున్నాయని పరిశోధకులు గమనించారు. తమాషా ఏంటంటే, విటమిన్ ఏ మాత్రం పెరుగుతుంది. ఈస్ట్రోజన్ వల్ల లివర్ దాన్ని మోసే ప్రోటీన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది కాబట్టి.

బీ12 కథ ఇంకా మెలిక. రక్తంలో దాన్ని మోసేవి రెండు ప్రోటీన్లు. ఎక్కువ భాగం హాప్టోకోరిన్ దగ్గరే ఉంటుంది, కానీ కణాలకి అందించేది మాత్రం ట్రాన్స్‌కోబాలమిన్. మాత్రలు వాడేవాళ్లలో తగ్గేది ముఖ్యంగా ఆ మొదటిదే. అంటే రిపోర్ట్‌లో నంబర్ పడిపోయినా, కణాలకి అందేది అందుతూనే ఉండొచ్చు. మన భాషలో చెప్పాలంటే డాష్‌బోర్డ్ ఎర్రగా ఉంది, సర్వీస్ నిజంగా డౌన్ అయిందో లేదో వేరే లాగ్ చూడాలి. ఆ లాగ్ పేరు మిథైల్‌మలోనిక్ యాసిడ్ టెస్ట్. కణాల్లో బీ12 నిజంగా తక్కువైతే అది పెరుగుతుంది.

విటమిన్ల సంగతి ఆలోచించి తయారుచేసిన అట్టలూ ఉన్నాయి. మన ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో 28 మాత్రలుంటాయి: 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి. అమెరికాలో 2010లో ఫోలేట్ కలిపిన మాత్రకి అనుమతిచ్చారు. మాత్రలు ఆపిన వెంటనే గర్భం వస్తే బిడ్డ వెన్నెముకకి ఆ ఫోలేట్ కావాలి. అంత దూరం ఆలోచించినవాళ్లున్నారు. మనమేమో డాక్టర్ ముందు పేరు కూడా చెప్పం!

రెండోసారి నేనొక్కదాన్నే వెళ్లి, అట్ట తీసి టేబుల్ మీద పెట్టా. ఆయన మొహంలో అమ్మ భయపడిందేదీ కనిపించలేదు. వెనక్కి తిప్పి పేరు చదివి, "ఎన్ని నెలల నుంచి?" అన్నారు, అంతే. ఆ టెస్ట్ రాశారు. రిజల్ట్ ఎక్కువే వచ్చింది. అంటే నా విషయంలో లోపం నిజమే, మాత్ర ఒక్కదాని మీద తోసేయడానికి లేదు, మా వంటింటికీ వాటా ఉంది. బీ12 మొదలైంది. డేట్ టాబ్లెట్లు ఆపొద్దన్నారు, సొంతంగా అస్సలు ఆపొద్దన్నారు.

అమ్మకి అంతా చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆయన ఏమన్నా అనుకున్నాడా?" అని మాత్రం అడిగింది.