లినక్సూ, మోడెమూ, మనవడి ఫొటో

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్న సామెతను చిన్నప్పటినుంచీ వింటున్నా, దాని సంపూర్ణార్థం నాకు బోధపడినది మాత్రం 2007 ఆగస్టులో, లినక్సు పుణ్యమా అని.

ఇంట్లోని కంప్యూటరులో పాత వ్యవస్థను ఆనవాలు లేకుండా చెరిపి, ముందురోజే లినక్సు స్థాపించుకున్నాను. తెర మీద తెలుగక్షరాలు ఒత్తులతో సహా కుదురుగా నిలబడటం చూసి మురిసిపోయాను. ఆ మురిపెంలో జాలానికి సంధానం సంగతే మరిచాను. సరిగ్గా అప్పుడే అమెరికాలో అక్కయ్యకు కొడుకు పుట్టాడు. ఫొటోలు మెయిలు చేశామని బావగారు ఫోనులో చెప్పారు. అమ్మ కళ్లజోడు తుడుచుకొని, నా పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంది.

“పది నిమిషాలమ్మా” అన్నాను. ఆ పది నిమిషాలు నాలుగు రోజులయ్యాయి.

మోడెము యూఎస్‌బీ తీగతో కలిపి ఉంది. లినక్సు దానిని గుర్తించలేదు. గుర్తించాలంటే డ్రైవరు కావాలి; డ్రైవరు జాలంలో ఉంది; జాలంలోకి వెళ్లాలంటే మోడెము పనిచేయాలి. ఇదిగో, సామెత! మర్నాడు వీధి చివరి ఇంటర్నెట్ సెంటరుకు పరుగెత్తి, డ్రైవరును పెన్‌డ్రైవులోకి దించుకొచ్చాను. అది ఇంకొక ప్యాకేజీ కావాలన్నది. మూడవనాడు మళ్లీ సెంటరు. ఆ ప్యాకేజీ మరొకదానిని అడిగింది.

విసిగిపోయి మోడెమును తిరగేసి చూస్తే, వెనుక ఈథర్నెట్ రంధ్రం కనిపించింది. దాని తీగ అట్టపెట్టెలో మొదటినుంచీ చుట్టచుట్టుకొని పడి ఉంది. తగిలించగానే కంప్యూటరుకు అంకెల చిరునామా దక్కింది. విజయగర్వంతో బ్రౌజరు తెరిస్తే, సర్వరు కనబడలేదన్నది. బయటి యంత్రమొకదానిని పింగ్ ఆదేశంతో, దాని అంకెలు పెట్టి పలకరిస్తే బదులు పలికింది. పేరు పెట్టి పిలిస్తే మాత్రం మౌనం.

“ఏమంటోందిరా?” అన్నది అమ్మ.

“దారి ఉందమ్మా. పేరు చెప్తే ఇల్లు చూపించేవాడే లేడు.”

నిజంగా జరిగినది అంతే. జాలంలో యంత్రాలు ఒకదానినొకటి చేరుకొనేది అంకెల చిరునామాలతోనే. మనకు అలవాటైన పేర్లను ఆ అంకెలుగా మార్చి చెప్పేది డీఎన్ఎస్, 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించిన ఏర్పాటు. ఆ వివరం ఎవరిని అడగాలో లినక్సులో ‘రిసాల్వ్.కాన్ఫ్’ అనే చిన్న దస్త్రంలో వ్రాసి ఉంటుంది. అందులో మా మోడెము చిరునామా ఒక్కటే ఉంది. మా మోడెమేమో పేర్ల ప్రశ్నలకు జవాబివ్వదు. కనెక్షనుతో ఇచ్చిన కాగితం వెదికి, అందులోని డీఎన్ఎస్ అంకెలను చేర్చాను. పేజీ తెరుచుకుంది. అంతలో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే నేను వ్రాసిన వరుస మాయం!

వ్యవస్థతోపాటే వచ్చిన మాన్యువలు పుటలు తిరగేస్తే తెలిసింది: చిరునామా తెచ్చిపెట్టే డీహెచ్‌సీపీ క్లయింటే, తెచ్చిన ప్రతిసారీ ఆ దస్త్రాన్ని తిరగవ్రాస్తుందట. దాని సొంత అమరికలో ‘ప్రిపెండ్’ అన్న మాటతో ఆ అంకెలను చేరిస్తే, నాలుగవనాటి రాత్రికి పని కుదిరింది.

ఫొటో పైనుంచి కిందికి మెల్లగా దిగింది. అమ్మ చాలాసేపు చూసింది. “ముక్కు మీ నాన్నగారిదే” అన్నది. కాసేపాగి, నిష్ఠూరమేమీ లేకుండానే అడిగింది: “రెండుసార్లు ఆ సెంటరుకు వెళ్లావు గదా, అక్కడ ఈ ఫొటో కనబడదట్రా?”

నాకు నోట మాట రాలేదు. కనబడేది. అచ్చు తీసుకొని ఇంటికి తేవచ్చు కూడా. రెండుసార్లూ నా బుర్రలో డ్రైవరు తప్ప మరొకటి లేదు. అమ్మ పేరు చెప్పుకొని నేను నా పంతంతోనే కుస్తీ పట్టాను.

ఇప్పుడు ఆ దస్త్రాన్ని చాలా లినక్సు వ్యవస్థల్లో నెట్‌వర్క్ మేనేజరో, సిస్టమ్‌డీ-రిసాల్వ్‌డో ఏలుతున్నాయి. చేత్తో వ్రాసినది చెరిగిపోవటం మాత్రం నేటికీ ఉన్నదే. సంధానం కుదరక తంటాలు పడే మిత్రులెవరైనా అడిగితే, ముందు అంకెలతో పింగ్ చేయండి, ఆ తరువాత పేరుతో చేయండి అని చెబుతుంటాను. అంతకంటే ముందు, మీ పక్కన కుర్చీలో ఎవరైనా కూర్చొని ఉన్నారా అని అడుగుతాను.