అవ్వతో తిరుత్తణి దారి

మద్రాసు తెలుగువారికి తిరుపతి దారి కొట్టినపిండి. తిరువళ్ళూరు, తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంట అని వరుసగా అప్పజెప్పేస్తారు. కాని ఆ వూళ్ళలో దిగి చూసేవారు తక్కువ. నాకా అవకాశం ఎనభై దాటిన ఒక అవ్వ పుణ్యాన కలిగింది.

అవ్వది మా భవనంలో కింది వాటా. ఎదురుపడితే నమస్కారం, అంతవరకే మా పరిచయం. కొడుకులిద్దరూ అమెరికాలో వున్నారు. ఒకనాడు తలుపు తట్టి, "నాయనా, నీకు తెలుగు చదివేది వచ్చునంట గదా? తిరుత్తణి పక్కన మా వూరికి పోవాల. కారు నీది, పెట్రోలు నాది" అంది.

సంగతేమిటంటే, పుట్టింట్లో ఆమె వాటాను మేనల్లుడు కొనుక్కుంటానన్నాడు. చేవ్రాలు చేసేముందు, 1959లో పెళ్ళప్పుడు తండ్రి పసుపు కుంకుమల కింద రాయించిన దస్తావేజులో ఏముందో ఆమె వినాలి. ఆమెకు చూపు ఆనదు. మనుమలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. మేనల్లుడు చదివింది తమిళం. ఇక్కడే చదివి పెడతానంటే ఒప్పుకోలేదు. "ఆ ఇంటి కాగితం ఆ ఇంట్లోనే చదవాల. వాడూ వినాల."

తెల్లవారుజామున బయలుదేరాం. ఒళ్ళో రేకుపెట్టె, కాళ్ళ దగ్గర మంచినీళ్ళ ఇత్తడి చెంబు. ఏసీ వేయనివ్వదు. "అద్దం దించు, వూరి గాలి రానీ."

తిరువళ్ళూరులో మొదటి మజిలీ. వైద్య వీరరాఘవస్వామి శయనించి వున్న క్షేత్రమిది. శాలిహోత్ర మహర్షి ఇంటికి ఒక ముసలి బ్రాహ్మడు అతిథిగా వచ్చి, భోజనం చేసి, "ఎవ్వుళ్?" అంటే ఎక్కడ పడుకోను అని అడిగాడట. మహర్షి తన కుటీరమే చూపించాడు. తెల్లవారి చూస్తే పడుకున్నది సాక్షాత్తు స్వామి! తిరుఎవ్వుళ్ అనే పేరు అలా వచ్చిందంటారు. హృత్తాపనాశిని పుష్కరిణిలో భక్తులు బెల్లం వేస్తారు. బెల్లం కరిగినట్టు రోగం కరుగుతుందని నమ్మకం. అవ్వ బెల్లం ముక్క వేసి, "మోకాళ్ళు వద్దులే సామీ, వీని కారు చెడకుండా చూడు" అని మొక్కింది.

అక్కడినుంచి తిరుత్తణి సుమారు 40 కిలోమీటర్లు. సుబ్రహ్మణ్యస్వామి ఆరు పడైవీడుల్లో ఒకటి. కొండకు మెట్లు 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. కారుదారి కూడా వుంది. ముత్తుస్వామి దీక్షితులవారు తొలి కృతి 'శ్రీనాథాది గురుగుహో' ఇక్కడే చేశారని సంగీతజ్ఞులు చెబుతారు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888 సెప్టెంబరు 5న పుట్టింది ఈ తిరుత్తణిలోనే.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో వుండేది. సరిహద్దు కోసం ఇరువైపులా ఆందోళనలు జరిగాయి. తమిళుల పక్షాన మ.పొ. శివజ్ఞానంగారు ముందు నిలిచారు. చివరకు పటాస్కర్‌గారి సిఫార్సులపై 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. అవ్వ పుట్టిల్లు మాత్రం అంగుళం కదల్లేదు.

ఆమె మాటల్లో చెప్పాలంటే, "నేను పెండ్లయి మద్రాసుకు వస్తి. ఏడాది తిరక్కముందే మా వూరే నా వెనకాల మద్రాసులోకి వచ్చె!"

వూరు పొదటూరుపేట వైపు వుంది. దారి పొడుగునా మగ్గాల చప్పుడు. వీధిలో తెలుగు, అంగడి బోర్డుల మీద తమిళం. మేనల్లుడు ఎదురొచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. కాఫీలయ్యాక నడవలో కూర్చుని దస్తావేజు చదివాను. "చిత్తూరు జిల్లా, తిరుత్తణి తాలూకా" అనగానే అవ్వ కళ్ళు మూసుకుంది. చెక్కుబందీ దగ్గరికి వచ్చాను. తూర్పున వీధి, దక్షిణాన దాయాదుల ఇల్లు, పడమట పెరడు, ఉత్తరాన ఉమ్మడి బావి. ఆ బావిలో నీళ్ళు తోడుకునే హక్కు చుట్టూ వున్న నాలుగిళ్ళకూ వుంటుందని రాసి వుంది.

"మళ్ళా చదువు" అంది. చదివాను.

మేనల్లుడి ముఖం చిన్నబోయింది. బావి పూడ్చి అక్కడ గది కట్టాలని అతని ఆలోచన. అవ్వ గొంతు పెంచలేదు. "నాయన నాకిచ్చింది ఇల్లురా, బాయి కాదు. నాది కానిది నీకెట్ల అమ్మేది? బాయి మాట కొత్త కాగితంలో రాస్తేనే చేవ్రాలు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి అతనే కలం తీశాడు. నేను తెలుగులో చదువుతుంటే అతను తమిళంలో రాశాడు. అవ్వ రెండుసార్లు చదివించుకుని, "ఇప్పుడు సరి" అంది.

మీరూ ఒక ఆదివారం వెళ్ళి రండి. చెన్నై సెంట్రల్ నుంచి రైళ్ళున్నాయి, బస్సులకు కొదవ లేదు. ఆడికృత్తికనాడు పూల కావళ్ళతో కొండ కిటకిటలాడుతుంది. తీరిగ్గా చూడాలంటే మామూలు రోజు మేలు. వెళ్ళే ముందు మీ అటక మీద పాత పెట్టె ఏదైనా వుంటే దించి చూడండి. అందులోని కాగితాన్ని చదవగలవారు ఇంట్లో ఎవరైనా వున్నారో లేదో కనుక్కోండి.