పురిటికి పుట్టింటికి వచ్చే తాబేలు

పారసీక భాషలో 'బందరు' అంటే రేవు. గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో ప్రధాన రేవుగా వెలిగిన మచిలీపట్నాన్ని ప్రజలు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుచుకుంటారు. 1864 నాటి తుఫానులో ఈ పట్టణంలోనూ పరిసరాల్లోనూ సుమారు 30 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అందుకే ఇక్కడి కుటుంబాల్లో సముద్రం ప్రస్తావన వస్తే, అది మనిషికి చేసిన నష్టమే ముందుగా గుర్తుకు వస్తుంది. మనిషి వల్ల సముద్ర జీవులకు కలిగే నష్టం గురించి చెప్పుకునేది తక్కువ. ఆ సంగతి తెలుసుకునేందుకే మేము ఫిబ్రవరి మాసంలో గుడివాడ మీదుగా బందరు చేరుకున్నాము.

బందరుకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో మంగినపూడి తీరం ఉంది. అక్కడి నేల నల్లగా, కాస్త బంకగా ఉంటుంది. సెలవు దినాల్లో గుడివాడ, విజయవాడల నుంచి కుటుంబాలు తరలివస్తాయి. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి పొడి ఇసుక తిన్నెలను వెదుక్కుంటాయి కనుక, మేము చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవికి సాగిపోయాము. కృష్ణానది పాయ సముద్రంలో కలిసే చోటు అది. పక్కనే పాలకాయతిప్ప తీరం, ఆ చుట్టుపట్ల మడ అడవులు, కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉన్నాయి.

ఏటా శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఇసుకను చేరుతాయి. తాను పుట్టిన తీరప్రాంతానికే తిరిగి రావడం ఆడ తాబేలు నైజం. మన ఇళ్ళలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వచ్చినట్లే. రాత్రివేళ ఒడ్డుకు పాకి, వెనుక కాళ్ళతో కూజా ఆకారంలో గుంట తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చి చూడదు. ఆపైన పొదిగే పని ఇసుక వేడిమిదే. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటపడతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయి.

ఈ పుట్టింట్లో వాటికి ఎదురయ్యే చిక్కులు చిన్నవిగానే కనబడతాయి. ఇసుక మీద బండ్లు తిరిగితే కింది గుడ్లు అదిమిపోతాయి, ఎర్రపీతల బొరియలు కూలిపోతాయి. మనం పారవేసిన తిండికి చేరిన కుక్కలు గూళ్ళను తవ్వి గుడ్లు తింటాయి. పుట్టిన పిల్లలు వెలుతురు ఎక్కువగా కనిపించే దిక్కుకు నడుస్తాయి. చీకటి రాత్రిలో అది సముద్రమే. కానీ ఒడ్డున దీపాలు వెలిగితే అవి దారి తప్పి మెట్టవైపు పోయి, తెల్లవారేసరికి ఎండిపోతాయి. గాలివానల నుంచి ఊళ్ళను కాచే సరుగుడు తోటలు సైతం, అలల అంచు దాకా నాటితే గుంట తవ్వే చోటు లేకుండా చేస్తాయి.

సముద్రంలో ప్రమాదం మరింత పెద్దది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. మరపడవల వలలో గంటల తరబడి చిక్కుకుంటే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. తాబేళ్ళు ఒడ్డుకు అధికంగా వచ్చే రోజులు అంతకు ముందే గడిచిపోతాయి. వలకు ఇనుప చట్రం అమర్చితే రొయ్యలు సంచిలోకి జారి, తాబేలు పైనున్న కంతలో నుంచి బయటపడుతుంది. చేపలూ కొన్ని జారిపోతాయన్నది జాలర్ల బాధ. అయితే అమర్చకపోవడం వల్ల కలిగే నష్టమూ వారిదే. తాబేళ్ళ రక్షణ చాలదన్న కారణంతో 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతిని నిలిపివేసింది. ఆ చట్రం ఖర్చును, జారిపోయే చేపల నష్టాన్ని పేద జాలరి ఒక్కడి నెత్తినే వేయడం న్యాయం కాదు. రొయ్యలు తినేవారికీ, అమ్మేవారికీ, ప్రభుత్వానికీ అందులో వాటా ఉండాలి.

అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లలను కడలిలోకి వదులుతోంది. అది మెచ్చదగిన పని. కానీ వలల్లో తల్లులు చస్తూ ఉంటే, ఆ కంచెలోకి తేవడానికి గుడ్లు ఎన్నేళ్ళు దొరుకుతాయి?

ఒక ప్రయాణంలో సహచరులు పిట్ట పిల్లలను పట్టి తెచ్చినప్పుడు, తల్లి పిట్ట తల్లడిల్లడం చూసి, వాటిని తల్లికి తిరిగి ఇచ్చివేయమని దైవప్రవక్త (స) ఆదేశించారన్న ఉదంతం మన పిల్లలకు తెలిసినదే. తాబేలు తల్లి అలా తల్లడిల్లడం మన కంటపడదు. అందువల్ల మన బాధ్యత తగ్గిపోదు.

జనవరి నుంచి మే వరకు సముద్రతీరానికి వెళ్ళే కుటుంబాలు కొన్ని పనులు చేయవచ్చు. బండిని రోడ్డు దగ్గరే నిలపాలి. తిండి మిగులును, ప్లాస్టిక్ సంచులను ఇంటికి తెచ్చుకోవాలి. పిల్లలు తవ్విన గుంటలను వారి చేతనే పూడ్పించాలి, వాటిలో తాబేలు పిల్లలు పడితే ఎక్కలేవు. చీకటి పడకముందే బయలుదేరాలి. ఇసుకలో గూడు కనబడితే ముట్టకుండా అటవీశాఖ వారికి చెప్పాలి. ఈ పనుల్లో దేనికీ ఖర్చు లేదు.