పేరు తోకలో ఊరు

ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే ముందుగా వినిపించేది కథే. కడప సీమలోని ఒంటిమిట్టనే తీసుకోండి. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు మనసు మారి రాముడికి గుడి కట్టించారనీ, వాళ్ల పేర్లే ఊరికి నిలిచాయనీ చెబుతారు. పేరును నడిమికి విరిచి ముక్కకొక మనిషిని పుట్టించడం ఇలాంటి కథలకు పరిపాటి. కానీ మిట్ట అన్నది ఆ సీమ రైతుల నోట ఈనాటికీ ఆడే మాట. పల్లానికి ఎదురు మాట అది. చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తయిన జాగా. ఒంటి అంటే ఒక్కటే. విడిగా లేచిన మిట్ట మీద కోదండరాముడి గుడి కనిపిస్తూనే ఉండగా, పేరు కోసం దొంగల దాకా పోనక్కర్లేదు. అందుకే ఊరి పేరును తోక పట్టుకుని చదవాలంటాను. తల మీదికి దేవుళ్లూ రాజులూ ఎవరైనా ఎక్కి కూర్చోవచ్చు. తోక మాత్రం నేలను వదలదు.

పెన్న ఒడ్డున జమ్మలమడుగు ఉంది. మడుగు అంటే ఏటి పాయలో నీళ్లు లోతుగా నిలిచేచోటు, జమ్ము అంటే అలాంటి నీళ్లలో గుబురుగా పెరిగే గడ్డి. ఆ నీటినీ గడ్డినీ చూసినవాళ్లు పెట్టుకున్న పేరది. ఎర్రగుంట్లలో గుంట ఉంది. అదే మండలంలోని కలమళ్లలో దొరికిన రేనాటి చోళుల శాసనాన్ని సుమారు 575 నాటిదని లెక్కగడతారు. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో అదొకటి. అందులో చిఱుంబూరు, చెనూరు అనే పేర్లున్నాయి. మొదటి పేరులోని శకటరేఫ (ఱ) మన రాతలోంచి జారిపోయింది, రేనాటి చోళులు పోయారు. ఆ రెండు పేర్ల చివరనున్న 'ఊరు' మాత్రం పధ్నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. చిన్నపిల్లవాడు సైతం దాన్ని గుర్తుపడతాడు.

ఇలా చదివితే జనం నమ్మకాన్ని తోసేసినట్టు కాదా అని అడగవచ్చు. కాదు. కథ చెప్పేది ఆ ఊరిని తర్వాతి తరాలు ఎలా తలచుకున్నాయో. దానికి దాని విలువ ఉంది. గుడి పవిత్రత పేరు వ్యుత్పత్తి మీద ఆధారపడి లేదు. మడుగు పూడి, గుంట ఎండిపోయాక తోకకు అర్థమేముంది అన్నది ఇంకో ప్రశ్న. నా దృష్టిలో అప్పుడే దానికి ఎక్కువ అర్థం: నీళ్లుండిన చోటును చూపే ఆనవాలు ఆ పేరొక్కటే కావచ్చు. పేర్లు పెట్టేది ఏలినవాళ్లు కదా అన్న వాదం వీటన్నిటికన్నా గట్టిది. నిజమే, రాజులు పెట్టారు. బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్ల దగ్గర పెద్ద చెరువు కట్టించి, దానికి అనంతరాజసాగరమని పేరుపెట్టి, 1369లో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది చొప్పున రెండేళ్లు పని జరిగిందనీ, మంచి చెరువుకు ఉండవలసిన లక్షణాలేమిటనీ ఆ రాతి మీద ఉంది. రాయి ఉంది, చెరువు ఉంది. సాగరమన్న పేరే జనం నోట నిలవలేదు. వాళ్లకది పోరుమామిళ్ల చెరువు.