ఎర్ర దీపం ఊరికే వెలగదు

రాజకీయ వ్యాసాల కోసం వచ్చే పాఠకులు ఈసారి నన్ను కాస్త మన్నించాలి. నా మాక్ కంప్యూటర్‌లో పార్లమెంటు జవాబులు, కమిషన్ల నివేదికలు, ఎన్నికల లెక్కలు నిండిన ఫోల్డర్ల మధ్య ‘ఆటలు’ అనే ఫోల్డర్ ఒకటి ఉంది. నలభై దాటిన విలేకరి వీడియో గేములు ఆడతాడని చెప్పుకోవడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. అయితే 2023 జూన్ నుండి అందులోని ఒక ఆట నా వృత్తి అడగవలసిన ప్రశ్ననే నన్ను అడుగుతోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది ఖరగ్‌పూర్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి పని కోసం వెళ్ళిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. తరువాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి నాయకత్వం వహించిన కార్మిక సంఘం ఆ రైల్వేదే. ఇంట్లో తెలుగు, గోల్‌బజార్‌లో బెంగాలీ, వర్క్‌షాపులో హిందీ మాట్లాడుతూ పెరిగినవాళ్ళం మేము. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుబడిన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని ఈ కొస నుండి ఆ కొసకు నడవడం మా చిన్ననాటి కాలక్షేపం. ఆ రికార్డును 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాటిపోయాయి.

అటువంటి ఊరివాడికి రైళ్ళ ఆట నచ్చడంలో వింత లేదు. 1994లో క్రిస్ సాయర్ రూపొందించిన ‘ట్రాన్స్‌పోర్ట్ టైకూన్’లో పట్టాలు వేయాలి, స్టేషన్లు కట్టాలి, సిగ్నళ్ళు నిలపాలి. ఒక ఔత్సాహికుడు దాన్ని సొంతంగా పునర్నిర్మించి 2004లో ‘ఓపెన్ టీటీడీ’ పేరుతో విడుదల చేశాడు. దాని కోడ్ బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, తప్పు పట్టవచ్చు, దిద్దవచ్చు.

ఆ బహిరంగత విలువ నాకు 2019లో తెలిసివచ్చింది. ఆ అక్టోబరులో వచ్చిన మాక్ ఓఎస్ కేటలీనా 32 బిట్ల ప్రోగ్రాములకు స్వస్తి చెప్పింది. హెచ్చరికలు ముందు సంవత్సరం నుండే తెర మీద కనిపిస్తున్నాయి. ఎన్నికల హడావుడిలో వాటిని చదవకుండా మూసేస్తూ వచ్చినవాడిని నేనే. ఒక రాత్రి అప్‌గ్రేడ్ చేసి ఉదయం లేచేసరికి, డబ్బు పెట్టి కొనుక్కున్న పాత ఆటలు అడ్డగీత పడిన బొమ్మలై మిగిలాయి. తయారుచేసినవారు వదిలేసిన ఆటలకు దిక్కులేదు. ఓపెన్ టీటీడీని మాత్రం ఎక్కడెక్కడివాళ్ళో స్వచ్ఛందంగా కొత్త మాక్‌లకు తగినట్లు మలచుకుంటూ వస్తున్నారు. ప్రతి మార్పుకూ ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్న నమోదు ఉంటుంది.

2022 దసరా సెలవుల్లో ఖరగ్‌పూర్ వెళ్ళినప్పుడు ఆ ఆటే ఆడుతున్నాను. సిగ్నల్ శాఖలో పనిచేసి రిటైరైన పొరుగింటి మావయ్య పక్కన కూర్చుని టీ తాగుతున్నారు. నా ఎక్స్‌ప్రెస్ ఒకటి ఎర్ర సిగ్నల్ దగ్గర ఎంతకీ కదలలేదు. సిగ్నల్‌ను లెక్కచేయకుండా ముందుకు పొమ్మనే మీట ఒకటి ఆటలో ఉంది. విసుగెత్తి అది నొక్కాను. కొండ చాటున, నేను చూడని చోట, చెడిపోయి నిలిచిన గూడ్సు బండి ఉంది. రెండూ గుద్దుకున్నాయి. మృతుల సంఖ్యతో సహా తెర మీద పత్రిక వెలువడింది.

“ఏటి బాబూ, ఎర్ర దీపముంటే పొమ్మన్నావేటి?” అన్నారు మావయ్య.

“ఊరికే ఆగిపోయింది మావయ్యా, ఎంతసేపని చూడను?”

“ఊరికే ఆగదు. ఎర్రగుందంటే ఎక్కడో ఏదో ఉంది. ముందు అదేటో సూడాల.”

నేను నవ్వి, అంతకుముందు భద్రపరచిన చోటి నుండి ఆట మళ్ళీ మొదలుపెట్టాను. గూడ్సు లేదు, ప్రమాదం లేదు, పత్రికా లేదు.

ఎనిమిది నెలలకు, 2023 జూన్ 2 సాయంత్రం, బాలేశ్వర్ జిల్లా బహానగా బజార్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నది. ఆ స్టేషన్ ఖరగ్‌పూర్ డివిజన్‌లోనిదే. సిగ్నల్ మెయిన్ లైనుకు ఆకుపచ్చ చూపింది. పాయింట్లు మాత్రం లూప్ లైను వైపు ఉన్నాయి. ఈ రెంటికీ పొత్తు తప్పకుండా కాపలా కాయడమే ఇంటర్‌లాకింగ్ చేయవలసిన పని. 290 మందికి పైగా మరణించారు. సిగ్నల్ సర్క్యూట్‌లో మార్పులు చేసినప్పుడు జరిగిన లోపాలే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. జులైలో సీబీఐ ముగ్గురు రైల్వే ఉద్యోగులను అరెస్టు చేసింది.

అదే విచారణ మరో సంగతి కూడా చెప్పింది. 2022 మే 16న ఇదే డివిజన్‌లోని బాంక్రా నయాబాజ్ స్టేషన్లో తప్పు వైరింగ్ వల్ల ఇటువంటి ఘటనే జరిగింది. అప్పుడే దిద్దుబాటు చర్యలు తీసుకుని ఉంటే బహానగా ప్రమాదం జరిగేది కాదని నివేదిక పేర్కొన్నది. అంటే నేను ఆటలో మీట నొక్కి నవ్వుకున్న నాటికే నిజమైన ఎర్ర దీపం ఒకటి వెలిగి ఐదు నెలలు కావస్తోంది.

ఇక్కడ నాకు 2018 ఫిబ్రవరి గుర్తుకొస్తుంది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో వస్తే ఐఫోన్‌లలోనూ మాక్‌లలోనూ యాప్‌లు కుప్పకూలేవి. ‘జ్ఞానం’లో మొదటి అక్షరం యంత్రాలను కూల్చడం మీద ఆ రోజుల్లో చాలా హాస్యోక్తులు పుట్టాయి. లోపం బయటపడిన కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఆపిల్ దిద్దుబాటు విడుదల చేసింది. ఫోను మొరాయించడానికీ రైళ్ళు గుద్దుకోవడానికీ పోలిక లేదని నాకు తెలుసు. నేను పోలుస్తున్నది తప్పులను కాదు, వాటిని అందుకున్న తీరును. అక్షరం పొరపాటు కోట్లమంది చేతుల్లో కనిపించింది గనుక దాన్ని దాచడం ఎవరి తరమూ కాలేదు. బాంక్రా నయాబాజ్ ఘటన గురించి ఆ ఏడాది కాలంలో ఆ దారిన వెళ్ళిన ప్రయాణికుల్లో ఎంతమందికి తెలుసు?

మన రాజకీయ చర్చ ప్రమాదం జరిగాక మంత్రి రాజీనామా దగ్గర మొదలై, ఆ డిమాండు చల్లారగానే ముగుస్తుంది. ప్రాణనష్టం లేని ఘటనకు రాజకీయంగా విలువ లేదు. ప్రతిపక్షం ప్రశ్న వేయదు, పత్రిక చోటివ్వదు. నా వృత్తికి కూడా ఇందులో వాటా ఉంది. 2022 మేలో నేను దేని గురించి రాశానో వెనక్కి తిరిగి చూసుకున్నాను. డివిజన్ స్థాయి సిగ్నల్ లోపం గురించి ఒక్క వాక్యం లేదు. అప్‌గ్రేడ్ హెచ్చరికలను చదవకుండా మూసినట్లే ఇదీ. ప్రతి సిగ్నల్ వైఫల్యాన్నీ, దాని మీద తీసుకున్న చర్యనూ స్టేషన్ల వారీగా ప్రజల ముందుంచమని అడగడానికి చట్టం మార్చనక్కరలేదు. కోట్ల మంది ప్రయాణించే వ్యవస్థకు, కాలక్షేపపు ఆటకున్నపాటి మార్పుల చిట్టా ఉండాలనడం అత్యాశా?

మా అమ్మ ఇప్పటికీ సంక్రాంతికి కోరమండల్‌లోనే వస్తుంది. సాయంత్రం ఖరగ్‌పూర్‌లో ఎక్కితే తెల్లవారకముందే విశాఖ చేరుతుంది. మధ్యలో బహానగా బజార్ వస్తుంది. ఈసారి టికెట్ కూడా నేనే తీశాను.