ప్రాణవాయు యంత్రానికీ వైద్యం కావాలి



1930లలో వెలసి, 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారంలో మా అన్నయ్య ఫిట్టరుగా పనిచేశారు. "రోలరు ఆగితే మిల్లునే మారుస్తమా తమ్మీ? విప్పి చూస్తం" అనేవారు. ఇప్పుడాయనకు సీఓపీడీ. ఇంట్లోని ఆక్సిజన్ కాన్‌సెంట్రేటరే ఆధారం.

నిరుడు వేసవిలో ఒక రాత్రి ఆ యంత్రం ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది. నేను నిజామాబాద్ నుండి చేరేసరికి ఆక్సీమీటరులో 82 ఉంది. ఇటువంటి రోగులకు సాధారణంగా 88 నుండి 92 ఉండాలి. ముందుజాగ్రత్తగా ఉంచిన సిలిండరు ఆ రాత్రిని గట్టెక్కించింది.

ఈ యంత్రం పనితీరు సులభమే. కంప్రెసరు గదిలోని గాలిని పీల్చి జియోలైట్ గుళికల గుండా పంపుతుంది. అవి నత్రజనిని పట్టి ఉంచగా, 90 శాతానికి పైగా ఆక్సిజన్ బయటకు వస్తుంది. లోపల వేడి తగ్గించే చిన్న ఫ్యాను ఆగిపోయిందని స్థానిక మెకానిక్ గుర్తించి, కొత్తది బిగించాడు. అయినా యంత్రం కొద్ది నిమిషాలకే ఆగిపోతూ వచ్చింది. హెచ్చరికను తొలగించే సంకేతపదం తయారీదారు వద్దనే ఉంది. వారిని అడిగితే, ఆ మోడల్ నిలిపివేశామనీ, కొత్తది కొనమనీ సమాధానం. అన్నయ్య దాచుకున్న సొమ్ముతో కొత్తది కొన్నాము.

"దాని రోగం నయమైంది తమ్మీ, డిశ్చార్జే చేస్తలేరు" అన్నారాయన, మూలనున్న పాత యంత్రాన్ని చూపి.

ప్రాణాధార పరికరాన్ని ఎవరుబడితే వారు విప్పరాదన్న వాదనలో నిజముంది. మరమ్మతు తరువాత ఆక్సిజన్ శాతాన్ని ఎనలైజరుతో పరీక్షించి తీరాలి. కాని అందుకు మార్గం శిక్షణ, సర్వీసు పుస్తకం, విడిభాగాలు ఇవ్వడమే. తాళం వేయడం కాదు. 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వం 'మరమ్మతు హక్కు' పోర్టల్‌ను ప్రారంభించింది. అప్పుడు ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైల్-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు. ఇంట్లో వాడే వైద్య పరికరాలకు అందులో ప్రత్యేక స్థానం లేకపోవడం వైద్యునిగా నాకు లోటనిపిస్తుంది. బీపీ యంత్రాలు, షుగరు మీటర్లు సైతం ఫోను యాప్‌లతో ముడిపడుతున్నాయి. యాప్‌ను ఆపివేసిన నాడు వాటిలో ఎన్ని అక్కరకు వస్తాయి?

కనుక కొనేముందు మూడు ప్రశ్నలు వేయండి. విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి? మన జిల్లాలో బాగుచేసేవారెవరు? యాప్ లేకుండా పనిచేస్తుందా? సమాధానాలను బిల్లు మీద రాయించుకోండి. ఇంట్లో ఆక్సిజన్ రోగి ఉంటే నిండు సిలిండరును సిద్ధంగా ఉంచండి. ఆ రాత్రి మా అన్నయ్యను కాపాడింది అదే.