లంబసింగి శీతమున ఒక ప్రాతఃకాలము

విశాఖ మన్యమున, నర్సీపట్నమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున లంబసింగి యను చిన్న గ్రామము కలదు. సముద్రమట్టమునకు రమారమి 1000 మీటర్ల యెత్తున నుండుటచే డిసెంబరు, జనవరి మాసములందు అచటి చలి యొక్కొక్కనాడు సున్న డిగ్రీల చెంతకు దిగును. దీనికి కొర్రబయలు అనియు నామాంతరము; బయట నిలిచినవాడు కర్రవలె బిగిసిపోవునని దాని యర్థముగా చెప్పుదురు. ఇది చింతపల్లి మండలములోనిది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మొట్టమొదట ముట్టడించిన పోలీసు ఠాణా ఆ చింతపల్లిదే. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. దారి కిరువైపుల కాఫీతోటలు, చెట్ల నల్లుకొన్న మిరియపు తీగెలు. చెరువులవేనము కొండపై తెల్లవారుజామున నిలిచి చూచినచో లోయ యంతయు మబ్బుతో నిండి, పురాణములందలి పాలసముద్రము కనులముందు పరచినట్లుండును. చూడవచ్చినవారు విడిచిపోవు ప్లాస్టికు సీసాలను గూర్చి వ్రాయ నారంభించితినా, ఈ వ్యాసము ముగియదు.

గత జనవరిలో మేమచట నొక రాత్రి గడపితిమి. కారు మా మరిదిది. చలికి మా అత్తగారి యుబ్బసము హెచ్చెను. పీల్చెడు మందు తెల్లవారునప్పటికి అయిపోయెను. వెంటనే నర్సీపట్నము ఆసుపత్రికి దిగవలెను. మరిది తాళపుచెవి త్రిప్పగా "టిక్కు" మనిన చప్పుడే గాని ఇంజను కదలలేదు. కారులోపలి దీపము రాత్రియంతయు వెలిగి బ్యాటరీని పీల్చివేసెను. సీసపు బ్యాటరీకి చలిలో నున్న శక్తియు తగ్గును.

సోదరీమణులకు ఇందలి మర్మము కొంత చెప్పవలెను. ఇంజనును మొదట త్రిప్పు మోటారునకు విద్యుత్తు మిక్కిలిగా కావలెను. అది తిరుగ నారంభించిన పిమ్మట కావలసినది స్వల్పము. కనుక ఆ త్రిప్పుపనిని చక్రములచే చేయింపవచ్చును. చేతితో గేర్లు మార్చు కార్లకే ఇది చెల్లును. తమంతట గేర్లు మారు కార్లను ఎంత తోసినను ఫలము లేదు. ముందరి పలకపై దీపములును వెలుగనంతగా బ్యాటరీ చచ్చియున్నచో, నేటి పెట్రోలు కార్లలో ఇంధనమును తోడు పంపు సైతము పనిచేయదు. మా కారు దీపములు మిణుకుమిణుకు మనుచుండెను. అదియే మా యాశ.

"వదినా, మీరు స్టీరింగు పట్టండి. తొయ్యడానికి మేమిద్దరమూ కావాలి" అనెను మరిది. కారు నడుపుట నాకు వచ్చును గాని అత్తగారి యూపిరి చప్పుడు వినుచు కూర్చుండుట కష్టముగా నుండెను. ఎదుట ఘాటీ పల్లము. అటు వదలిన సులువుగా దొరలునని మా వారనిరి. ఇంతలో స్ట్రాబెరీల తట్టతో వచ్చుచున్న గిరిజన స్త్రీ తట్ట దించి, "అటొద్దు బాబూ, మలుపుంది. ఇటు ఊరివేపు తొయ్యండి" అని తానును వచ్చి చేయి వేసెను. ఆమె మాటయే సరి. ఇంజను నడువనప్పుడు బ్రేకునకు సహాయబలము సన్నగిల్లును, స్టీరింగు బరువెక్కును. పల్లమున నది ప్రాణాంతకము.

తాళపుచెవి త్రిప్పి యుంచితిని. రెండవ గేరు వేసి క్లచ్చు నదిమి పట్టితిని. మొదటి గేరైనచో బండి గట్టిగా కుదుపునిచ్చును. మొదటిసారి తగిన వేగము రాలేదు. క్లచ్చు విడువగా కారు దగ్గినట్లు దగ్గి నిలిచెను. ఆమె తన కొడుకును కేకవేసెను. ఈమారు నలుగురు తోసిరి. పరుగెత్తునంత వేగము రాగానే క్లచ్చు చటుక్కున విడిచితిని. ఒక్క కుదుపు, పిమ్మట గర్జన! వెంటనే క్లచ్చు మరల నొక్కి యాక్సిలరేటరు నదిమితిని.

1888లో జర్మనీయందు బెర్తా బెంజ్ భర్త నిర్మించిన మోటారుబండిపై ఇద్దరు కొమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమునకు పోయినప్పుడు, మెట్టప్రదేశములందు దానిని తోయవలసి వచ్చెను. మోటారుల తొలి దూరప్రయాణమే స్త్రీ చేసినది, తోపులతో సాగినది!

దారిలో ఇంజను ఆపలేదు. ఆసుపత్రిలో మందుపొగ పట్టించిన యరగంటకు అత్తగారు తెప్పరిల్లి, "ఆ పిల్ల దగ్గర పండ్లు కొన్నారా?" అని యడిగిరి. కొంటిమి, తట్టెడు. మధ్యాహ్నము మరిది క్రొత్త బ్యాటరీ వేయించెను. దాని వెల మాత్రము ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.